మొదటి ఎయిర్ రైఫిల్: ఏది కొనాలి, ఎంతవరకు మార్చుకోవచ్చు, చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది?

కొత్త గురి
అందరికీ నమస్కారం. కొంతకాలంగా క్లబ్బు రైఫిల్‌తో 10 మీటర్ల దూరంలో కాగితం మీద సాధన చేస్తున్నాను. ఆ రైఫిల్ నలుగురి చేతుల్లో తిరుగుతుంది. నేను వెళ్లేసరికి చెంప ఆనించే దిమ్మను ఒకరు ఎత్తి ఉంటారు, గురి చూసే సైటును ఇంకొకరు తిప్పి ఉంటారు. సగం సమయం వాటిని సరిచేసుకోవడానికే పోతోంది. అందుకే సొంతానికి ఒకటి కొనుక్కోవాలని ఉంది.

రెండు చూశాను. ఒకటి కొత్తది, స్ప్రింగు రైఫిల్. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి కూడా ఇస్తున్నారు. సెకనుకు 380 మీటర్ల వేగమని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. రెండోది వాడినది. పక్కనున్న మీటను ఒక్కసారి లాగితే గాలి నిండే పాత మ్యాచ్ రైఫిల్, అంటే పోటీలకు చేసినది. దాని వేగం 170 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుందని అమ్మే ఆయన చెప్పారు. మొదటిదాంట్లో సగం కూడా లేదు కదా!

ఇంకొక సందేహం. కొన్న తర్వాత ట్రిగ్గర్ తేలిక చేయించడం, స్టాక్ అనే చెక్క భాగం మార్చడం లాంటివి చట్టప్రకారం చేయవచ్చా? వేట ఆలోచన ఏమీ లేదు. నాకు కాగితం చాలు.

ఇనుప సైటు
రెండోది తీసుకోండి.

కారణం కావాలంటే: గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఎయిర్ రైఫిల్ కాల్చే పెల్లెట్ నడుము సన్నగా, వెనుక డొల్లగా ఉండే చిన్న గుండు. అది ఆ వేగానికి దగ్గరయ్యేకొద్దీ నిలకడ తప్పుతుంది. గ్రూపు, అంటే కాగితం మీద చిల్లుల గుంపు, చెదిరిపోతుంది. పైగా పెట్టె మీది 380 సాధారణ సీసం పెల్లెట్‌తో వచ్చే అంకె కాదు. బాగా తేలికైన మిశ్రలోహపు పెల్లెట్ పెట్టి కొలిస్తే వచ్చేది. ఒలింపిక్ స్థాయి 10 మీటర్ల రైఫిళ్లు దాదాపు అన్నీ 165 నుంచి 175 మధ్యే ఉంటాయి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ నెమ్మది పెల్లెట్లతోనే. కాగితానికి చిల్లు పడటానికి అంతకంటే బలం అక్కర్లేదు.

వేగం
ఒక్క మాట అడ్డు వేస్తాను. వేగం పెరిగితే పెల్లెట్ బారెల్‌లో ఉండే సమయం తగ్గుతుంది. ట్రిగ్గర్ నొక్కాక చేయి కదిలినా దాని ప్రభావం తక్కువ. కొత్తవారికి అదే మంచిది కదా? నెమ్మది రైఫిల్ ప్రతి తప్పునూ పట్టి చూపిస్తుంది.

గాలి సిలిండర్
వేగం గారి వాదన సూత్రంగా తప్పు కాదు. కానీ స్ప్రింగు రైఫిల్‌కు అది వర్తించదు. ఎందుకో చెబుతాను.

ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరకు చేరి ఆగేటప్పుడు రైఫిల్ ముందుకు తన్నుతుంది. ఈ గొడవ మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బారెల్‌లోనే ఉంటుంది. అంటే చేయి కదలకపోయినా రైఫిల్ తనంతట తానే కదులుతుంది. బలం పెంచిన కొద్దీ ఆ కదలిక పెరుగుతుంది. అందుకే బలమైన స్ప్రింగు రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోకూడదు, అరచేతి మీద వదులుగా ఆనించి ప్రతిసారీ ఒకేచోట పట్టాలి. ఇది ఒక విద్య, నేర్చుకోవడానికి సమయం పడుతుంది. రెండు వైపులా తన్నే ఈ కుదుపును తట్టుకోలేక మామూలు స్కోపులు లోపల విరిగిపోతాయి కూడా. పెట్టెతో పాటు వచ్చే స్కోప్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

పాతకాలపు తయారీదారులకు ఈ ఇబ్బంది తెలుసు. ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్‌లో లోపలి యంత్రం మొత్తం చిన్న పట్టాల మీద వెనక్కి జారుతుంది, స్టాక్ మాత్రం భుజం దగ్గర కదలకుండా ఉంటుంది. స్ప్రింగు రైఫిలే అయినా కుదుపు తెలియదు. ఆ తర్వాత ఒక్క మీట లాగుడుతో గాలి కూరే రకం వచ్చింది. మీరు చూసిన రెండోది అదే. ఆ తర్వాతిది ముందే నింపిన సిలిండర్ రకం, అదే పీసీపీ. ఈ రెండింట్లో పిస్టన్ దూకుడు లేదు కాబట్టి కుదుపు దాదాపు శూన్యం.

ఇనుప సైటు
నెమ్మది రైఫిల్ తప్పును పట్టి చూపిస్తుందని వేగం గారు ఫిర్యాదులా చెప్పారు. నేర్చుకునేవారికి కావలసింది అదే.

వేగం
సరే, ఆ దెబ్బ నాకు తగిలింది. కానీ మీట లాగే రకానికి ఒక కష్టం ఉంది. పోటీలో 60 షాట్లంటే 60 సార్లు మీట లాగాలి. ప్రతిసారీ నిలబడిన భంగిమ చెదురుతుంది. భుజం నొప్పి ఉన్నవారికి అది పనికిరాదు.

గాలి సిలిండర్
నిజమే. పోటీల్లో పీసీపీ గెలవడానికి సగం కారణం అదే. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల రైఫిల్ పోటీ 1984లో మొదలైంది, పిస్టల్ పోటీ 1988లో. అప్పట్లో మీటలు లాగుతూనే పతకాలు గెలిచారు. సాధన మెల్లగా చేసుకునే మనిషికి మీట శత్రువేమీ కాదు. సిలిండర్ నింపుకునే ఏర్పాటు దగ్గర్లో లేకపోతే పీసీపీ రైఫిల్ గోడకు ఆనించిన కర్రతో సమానం.

ఎడమ కన్ను
కొనేముందు ఒక పని చేయండి. రెండు చేతులూ చాచి వేళ్ల మధ్య చిన్న సందు వదిలి, రెండు కళ్లతో దూరంగా ఉన్న వస్తువును ఆ సందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను మూస్తే వస్తువు మాయమవుతుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనవారు చాలామంది ఉన్నారు. వారికి కుడిచేతి స్టాక్ అంటగడితే ఏళ్ల తరబడి ఇబ్బంది పడతారు. మీరు చూసిన పాత మ్యాచ్ రైఫిల్ స్టాక్ ఒక వైపు వాటానికే చెక్కి ఉంటుంది. చూసుకోండి.

కొత్త గురి
చూశాను, కుడి కన్నే. బతికాను! మరి స్టాక్ సంగతి? అది నా కొలతకు సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

వడ్రంగి
ఈ ప్రశ్న కోసమే కూర్చున్నాను. రైఫిల్‌లో మార్పులు అనగానే అందరి చూపూ ట్రిగ్గర్ మీదికో బలం మీదికో పోతుంది. స్కోరు మార్చేది మాత్రం మనిషి ఒంటికి చెక్క ఆనే చోట్లు. నాలుగు చోట్లు ఉన్నాయి: భుజం, చెంప, కుడి అరచేయి, ఎడమ చేయి.

ముందు పొడవు. మోచేయి మడిచి, భుజానికి ఆనే పలకను మోచేతి లోపలి మడతకు ఆనించండి. చూపుడు వేలి మొదటి గణుపు ట్రిగ్గర్‌ను సహజంగా తాకాలి. వేలు చాచాల్సి వస్తే స్టాక్ పొడవు, మణికట్టు వంగితే పొట్టి. ఇది మొదటి అంచనా మాత్రమే. దళసరి షూటింగ్ జాకెట్ వేసుకుంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. మ్యాచ్ రైఫిళ్లలో భుజం పలకకూ స్టాక్‌కూ మధ్య బిళ్లలు తీయడానికీ పెట్టడానికీ వీలుంటుంది.

తర్వాత చెంప. కళ్లు మూసుకొని రైఫిల్ భుజానికెత్తి, తల బరువును దిమ్మ మీద పూర్తిగా వదిలేయండి. అప్పుడు కళ్లు తెరవండి. వెనుక సైటు రంధ్రం మధ్యలో ముందు సైటు వలయం కనిపించాలి. తల ఎత్తాల్సి వస్తే దిమ్మ పొట్టి. చెంప నొక్కాల్సి వస్తే దిమ్మ ఎత్తు. మెడ కండరం పనిచేస్తోందంటే అమరిక కుదరలేదన్నమాటే. ఎందుకింత పట్టింపు అంటే, సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకోండి. అక్కడ 0.2 మిల్లీమీటర్లు తప్పితే 10 మీటర్ల దగ్గర 2.5 మిల్లీమీటర్లు తప్పుతుంది. రైఫిల్ కాగితం మీద ఒక వలయం నుంచి పక్క వలయానికి దూరం సరిగ్గా అంతే. పదికి బదులు తొమ్మిది.

ఎడమ చేయి: నిలబడినప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చోవాలి. రైఫిల్ బరువు కండరం మీద కాకుండా ఎముక మీద దిగాలి. చేతులు పొట్టివైతే స్టాక్ కింద అరచేతి దిమ్మ ఎత్తు పెంచుకోవచ్చు. పోటీ నిబంధనల ప్రకారం 10 మీటర్ల రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. కొత్తవారు ఆ అంచు దాకా బరువులు తగిలించుకోనవసరం లేదు, నడుము పాడవుతుంది.

ఇవన్నీ చెక్క, రబ్బరు, మరలు. నాకు తెలిసినంతలో ఏ చట్టానికీ వీటితో గొడవ లేదు. ఇంట్లో ఆకురాయి, ఇసుక కాగితం ఉంటే చాలు. ముందు మైనం లాంటి ముద్ద అతికించి కొన్నాళ్లు వాడి చూడండి, నచ్చాకే చెక్క చెక్కండి. తీసేసిన చెక్క తిరిగి రాదు.

రేంజి గంట
వడ్రంగి గారు చెప్పిన కళ్లు మూసే పరీక్షను ఖాళీ రైఫిల్‌తో, సురక్షిత దిశలోనే చేయాలి. పెల్లెట్ పెట్టే ఛాంబర్ తెరిచి, చూసి, ఇంకొకరికి చూపించి. ఈ మాట ప్రతి చర్చలోనూ రాస్తూనే ఉంటాను, విసుక్కోకండి.

వడ్రంగి
విసుక్కోము. రాయండి.

చట్టం పుట
కొత్త గురి గారి అసలు ప్రశ్నలో చట్టం భాగం మిగిలిపోయింది.

మొదట తెలుసుకోవలసింది ఒకటే: ‘ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు’ అనే వాక్యం ఏ దేశమో చెప్పకుండా చెల్లదు. జర్మనీలో పెల్లెట్ శక్తి 7.5 జూల్స్ లోపు ఉండి, ఐదు మూలల గడిలో ఎఫ్ అక్షరం చెక్కి ఉంటే 18 ఏళ్లు నిండినవారు లైసెన్స్ లేకుండా కొనవచ్చు. ఇంగ్లండులో రైఫిల్‌కు 12 అడుగు-పౌండ్లు, అంటే 16.3 జూల్స్. పిస్టల్‌కు అందులో సగం. దాటితే తుపాకీ చట్టం కిందికి వస్తుంది. పక్కనే ఉన్న స్కాట్లాండులో 2016 డిసెంబరు 31 నుంచి ఆ పరిమితి లోపలి ఎయిర్ రైఫిల్‌కు కూడా ధ్రువపత్రం తప్పనిసరి. ఐర్లండులో 1 జూల్ దాటితే చాలు, తుపాకీగానే లెక్క. కెనడాలో రెండు కొలతలున్నాయి: సెకనుకు 152.4 మీటర్లు, 5.7 జూల్స్. రెండూ దాటితే లైసెన్స్ కావాలి. అంటే మనం మాట్లాడుకుంటున్న సాదాసీదా మ్యాచ్ రైఫిల్ అక్కడ లైసెన్స్ పరిధిలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో, జపానులో ఎయిర్ రైఫిల్‌కు అనుమతి తప్పదు. అమెరికా కేంద్ర చట్టం ఎయిర్ గన్‌ను తుపాకీగా చూడదు, ఎందుకంటే అందులో మందుగుండు లేదు. అయితే రాష్ట్రాలు, నగరాలు వేరే నియమాలు పెట్టుకున్నాయి. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు చదవాలి. అక్కడ లైసెన్స్ గీత 20 జూల్స్ దగ్గర, 4.5 మిల్లీమీటర్ల బోరు (బారెల్ లోపలి వెడల్పు) దగ్గర ఉంది.

జూల్స్ లెక్క కష్టం కాదు. బరువు కిలోల్లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకోండి. వేగాన్ని వేగంతో గుణించి, బరువుతో గుణించి, సగం చేయండి. 0.53 గ్రాముల పెల్లెట్ 165 మీటర్ల వేగంతో వెళ్తే 7.2 జూల్స్. అదే పెల్లెట్ సుమారు 275 మీటర్లకు చేరితే 20. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. పెట్టె మీద వేగం గొప్పగా రాసి జూల్స్ రాయని సరుకును కొనేముందు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద కొలిపించండి. తేలిక పెల్లెట్‌తో గీత లోపల ఉన్నది బరువు పెల్లెట్‌తో బయట పడవచ్చు, దానికి తలకిందులుగా కూడా జరగవచ్చు.

ఇక మార్పులు. స్టాక్, చెంప దిమ్మ, సైట్లు, బరువులు: సాధారణంగా ఇబ్బంది లేదు. తయారీదారు ఇచ్చిన మరలతో ట్రిగ్గర్ సర్దుకోవడం కూడా అంతే. శక్తి పెంచడం, బోరు మార్చడం, బారెల్ కోయడం, బొమ్మ తుపాకీని పేలేదిగా మార్చడం, సైలెన్సర్ తగిలించడం: ఇక్కడ చట్టం మేల్కొంటుంది. భారత ఆయుధ చట్టంలో 6వ సెక్షన్ ప్రత్యేకంగా బారెల్ పొట్టి చేయడం గురించీ, నకలు తుపాకీని అసలుదిగా మార్చడం గురించీ ఉంది. లైసెన్స్ లేనిదే చేయకూడదు. అమెరికాలో 1934 చట్టం 16 అంగుళాల కంటే పొట్టి బారెల్ ఉన్న మందుగుండు రైఫిల్‌ను, సైలెన్సర్‌ను విడిగా నమోదు చేయిస్తుంది. వస్తువు కొనడం చట్టబద్ధమైనంత మాత్రాన దాన్ని మార్చడం చట్టబద్ధం కాదు.

గట్టి స్ప్రింగు
చర్చ బాగుంది. నాదొక చిన్న ప్రశ్న. నా దగ్గర ఎఫ్ గుర్తున్న 7.5 జూల్స్ రైఫిల్ ఉంది. అదే నమూనా వేరే దేశాల్లో రెట్టింపు బలంతో అమ్ముతున్నారు. స్ప్రింగు మారిస్తే చాలంటున్నారు. ఏ స్ప్రింగు సరిపోతుంది, ఎలా మార్చాలి? ఇంట్లోనే వాడతాను, ఎవరికి తెలుస్తుంది?

చట్టం పుట
చెప్పము. ఆ గుర్తుకు అర్థం ‘ఈ వస్తువు 7.5 జూల్స్ దాటదు’ అని. మీరు స్ప్రింగు మార్చిన క్షణం నుంచి ఆ గుర్తు అబద్ధం చెబుతున్నట్టు. మీ చేతిలో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం అవుతుంది. ఎవరికి తెలుస్తుంది అన్నారు. ప్రమాదం జరిగిన రోజు ప్రయోగశాలలో కొలుస్తారు, అప్పుడు అందరికీ తెలుస్తుంది. రెట్టింపు బలం కావాలంటే దానికి తగిన లైసెన్స్ తీసుకొని, ఫ్యాక్టరీ నుంచి అలా వచ్చిన రైఫిలే కొనండి. అనుమతి ఉండి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ తప్ప ఇంకెవరూ ఆ పని ముట్టకూడదు.

గాలి సిలిండర్
చట్టం పక్కన పెట్టినా మీకు ఒరిగేది లేదు. కాగితం మీద ఏం లాభం వస్తుందో ఒకసారి చెప్పండి? కుదుపు పెరుగుతుంది, గాలి కారకుండా ఆపే సీల్ త్వరగా అరుగుతుంది, గ్రూపు వెడల్పవుతుంది.

గట్టి స్ప్రింగు
కాగితం కోసం అనలేదు, దూరం కోసం. 50 మీటర్ల దగ్గర కొట్టాలని.

రేంజి గంట
50 మీటర్ల కోసం ప్రత్యేకంగా ఒక క్రీడ ఉంది. 5.6 మిల్లీమీటర్ల స్మాల్ బోర్ రైఫిల్, .22 లాంగ్ రైఫిల్ తూటా. లైసెన్స్ ఉన్న క్లబ్బులో చేరి, క్లబ్బు రైఫిల్‌తో, క్లబ్బు రేంజిలో కాల్చవచ్చు. కానీ దాన్ని ఎయిర్ రైఫిల్‌కు అన్నలా చూడకండి. ఆ చిన్న తూటా మైలున్నర దూరం దాకా ప్రమాదకరమని పెట్టె మీదే రాసి ఉంటుంది. దాని వెనుక మట్టి గట్టు ఉండాలి, పర్యవేక్షణ ఉండాలి.

‘ఇంట్లోనే వాడతాను’ అన్న మాట కూడా నాకు నచ్చలేదు. 7.5 జూల్స్ పెల్లెట్ కంటిని పోగొట్టగలదు. ఇంట్లో కాల్చేవారు పెల్లెట్ పట్టే ఇనుప పెట్టెను వాడాలి. దాని లోపల పలక వాలుగా ఉండి పెల్లెట్‌ను కిందికి మళ్లించాలి. ఆ పెట్టె వెనుక ఇంకో అడ్డు ఉండాలి. కాల్చే దారిలోకి తెరుచుకునే తలుపు ఉంటే దానికి గడియ వేయాలి. కళ్లద్దాలు అందరికీ, చూసేవారికి కూడా. గుండ్రటి ఉక్కు బీబీలు వాడకండి. అవి గట్టి వస్తువును తాకి వెనక్కి ఎగురుతాయి, రైఫిల్ బారెల్ లోపలి గాట్లను కూడా తినేస్తాయి.

గట్టి స్ప్రింగు
అర్థమైంది. క్లబ్బులో అడుగుతాను.

ఎడమ కన్ను
సీసం సంగతి ఎవరూ చెప్పలేదు. పెల్లెట్లు పట్టిన చేతులతో ఏమీ తినకండి, సాధన అయ్యాక సబ్బుతో కడుక్కోండి. పెల్లెట్లను పెదాల మధ్య పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. పెట్టెలో పేరుకున్న సీసం పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తీయండి.

కొత్త గురి
చాలా తెలిసింది. రెండోదే తీసుకుంటాను. ఇక ట్రిగ్గర్. చాలా తేలికగా పెట్టుకుంటే మంచిదని క్లబ్బులో ఒకరు అన్నారు. ఊపిరి తగిలితే పేలేంతగా.

ఇనుప సైటు
ఆయన పక్క లేనులో నిలబడకండి.

రేంజి గంట
ఇనుప సైటు గారు నవ్వుతూ అన్నారు, నేను నవ్వకుండా అంటున్నాను. 10 మీటర్ల రైఫిల్ ట్రిగ్గర్‌కు అంతర్జాతీయ నిబంధనల్లో కనీస బరువు లేదు, పిస్టల్‌కు మాత్రం 500 గ్రాములు ఉండాలి. పైస్థాయి వారు రైఫిల్ ట్రిగ్గర్‌ను వంద గ్రాముల చుట్టుపక్కల పెట్టుకుంటారు. వారి వేలికి ఏళ్ల శిక్షణ ఉంది. మీరు తేలికదనం వెతకకండి, స్పష్టత వెతకండి. మంచి ట్రిగ్గర్‌కు రెండు దశలుంటాయి. మొదటి దశలో వేలు కొంచెం దూరం నడుస్తుంది, తర్వాత ఒక గోడ తగులుతుంది. ఆ గోడ ప్రతిసారీ ఒకేచోట తగలాలి, దాని తర్వాత ఈడ్పు లేకుండా విడిపోవాలి. మరలతో ఆ గోడను మరీ పలచన చేస్తే తలుపు గట్టిగా వేసిన కుదుపుకే విడిపోయే ప్రమాదం ఉంది. లోపలి ఉక్కు ముక్కలను అరగదీయడం ఇంటి పని కానే కాదు.

వేగం
ట్రిగ్గర్ మెరుగుపడాలంటే మర కంటే ఖాళీ సాధన మేలు. ఈసారి ఇనుప సైటు గారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను. చాలా మ్యాచ్ రైఫిళ్లలో గాలి లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే అమరిక ఉంటుంది. తెల్ల గోడ ముందు నిలబడి, ట్రిగ్గర్ విడిపోయేటప్పుడు ముందు సైటు కదులుతోందో లేదో చూడడమే. కాగితం లేకపోతే స్కోరు ఆశ ఉండదు, కన్ను నిజం చూస్తుంది. స్ప్రింగు రైఫిల్‌తో మాత్రం ఇలా ఖాళీగా పేల్చకూడదు. ముందు పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కు గాలి దిండు ఉండదు, నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది.

ఇనుప సైటు
ఒప్పుకుంటున్నాను. ఇంకొకటి కలుపుతాను. ట్రిగ్గర్ విడిపోయాక కూడా సైటు చూస్తూనే ఉండాలి. నెమ్మది పెల్లెట్ బయటికి వచ్చేదాకా రైఫిల్‌ను దింపే హక్కు మీకు లేదు. పది వలయం అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క, 10 మీటర్ల నుంచి కంటికి కనిపించదు కూడా. మనం చూసేది 30.5 మిల్లీమీటర్ల నల్ల వృత్తాన్ని, దాన్ని ముందు సైటు వలయంలో మధ్యకు తెచ్చుకోవడాన్ని. వృత్తం చుట్టూ తెల్లటి సందు సన్నగా ఉంటే గురి పదునుగా ఉందని కొత్తవారు అనుకుంటారు. అప్పుడు కన్ను బెదురుతుంది, ట్రిగ్గర్ వాయిదా పడుతుంది. ముందు సైటులో వెడల్పాటి వలయం వేసుకోండి. దానికి ఒక చిన్న బిళ్ల మారిస్తే చాలు, మీ జీవితంలో చేసుకోబోయే అన్ని మార్పుల్లో ఇదే చవక.

కొత్త గురి
చివరి ప్రశ్న. వాడిన రైఫిల్ చూడటానికి ఈ వారం వెళ్తున్నాను. ఏమేమి పరీక్షించాలి?

గాలి సిలిండర్
క్రోనోగ్రాఫ్ తీసుకెళ్లండి, లేకపోతే క్లబ్బులో అడిగి తెచ్చుకోండి. ఒకే డబ్బాలోని పెల్లెట్లతో వరుసగా పది షాట్లు కొలవండి. రెండు మూడు మీటర్ల తేడా సహజం. పది పదిహేను మీటర్లు ఊగుతుంటే సీల్ అరిగినట్టు. మీట లాగాక ఒక నిమిషం ఆగి కాల్చి చూడండి, వేగం బాగా పడిపోతే గాలి కారుతోంది. సీల్ మార్చడం పెద్ద పని కాదు కానీ ఆ నమూనాకు విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో ముందే తెలుసుకోండి. బారెల్ చివర అంచును వేలితో కాకుండా భూతద్దంతో చూడండి. అక్కడ చిన్న గంటు పడినా పెల్లెట్ పక్కకు పోతుంది. వెనుక సైటు మరలు తిప్పితే ప్రతి మెట్టూ టిక్కుమని తెలియాలి.

ఎప్పుడైనా పీసీపీ చూడటానికి వెళితే ముందు చూడాల్సింది సిలిండర్ మీద చెక్కిన తేదీ. మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ పీడనంతో గాలి ఉంటుంది, దాని వాడకానికి గడువు ఉంటుంది. తేదీ దాటిన సిలిండర్ ఎంత మెరుస్తున్నా తీసుకోవద్దు. దానికి మామూలు నూనె పూయవద్దు, అధిక పీడనపు గాలిలో నూనె అంటుకుంటుంది.

చట్టం పుట
వరుస సంఖ్య చెరిపేసి ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. సంఖ్య ఉంటే రాసుకొని, అమ్మేవారి గుర్తింపు పత్రం నకలుతో, తేదీతో, సంతకాలతో అమ్మకపు కాగితం రాయించుకోండి. మీ దేశంలో లైసెన్స్ అక్కర్లేకపోయినా సరే. మీది నమోదు తప్పనిసరి అయిన దేశమైతే బదిలీ పూర్తి కాకముందు రైఫిల్ ఇంటికి తేవద్దు. ‘ఇప్పుడు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత’ అనేవారు దొరుకుతారు, ఆ మధ్య రోజుల్లో బాధ్యత మీదే.

రేంజి గంట
తీసుకొచ్చేటప్పుడు మూసిన పెట్టెలో, ఛాంబర్ ఖాళీ చేసి, బారెల్‌లో ఖాళీ అని చూపే రంగు సేఫ్టీ దారం పెట్టి తీసుకురండి. చూసేవారికి అది ఆటవస్తువో అసలు తుపాకో తెలియదు, భుజాన వేలాడేసుకొని నడవకండి. ఇంట్లో తాళం వేసిన బీరువాలో రైఫిల్, వేరేచోట పెల్లెట్లు, తాళంచెవి మీ దగ్గర. పిల్లలున్న ఇంట్లో ‘పైన పెట్టాను, అందదు’ అనేది భద్రత కాదు.

కొత్త గురి
వెళ్లి వచ్చాను. పది షాట్లలో అన్నిటికంటే వేగమైనది 171, నెమ్మదైనది 168. నిమిషం ఆగితే 166. వరుస సంఖ్య స్పష్టంగా ఉంది, కాగితం రాయించుకున్నాను. చెంప దిమ్మ మాత్రం అస్సలు కదలదు, ఒకే చెక్క. నాకు రెండు వేళ్ల ఎత్తు తక్కువ.

గాలి సిలిండర్
ఆ అంకెలు బాగున్నాయి. నిమిషానికి మూడు నాలుగు మీటర్లు పడిపోవడం పాత సీల్‌కు పెద్ద జబ్బేమీ కాదు. లోడు చేసి ఎక్కువసేపు ఆలోచిస్తూ నిలబడకండి, అంతే.

వడ్రంగి
చెక్కను అప్పుడే కోయకండి. దళసరి తోలు ముక్కలు పొరలు పొరలుగా, అంటుకొని ఊడే టేపుతో కట్టి రెండు వేళ్ల ఎత్తు తెచ్చుకోండి. కొన్ని వారాలు దాంతో కాల్చాక ఎత్తు స్థిరపడుతుంది. అప్పుడు స్టాక్ ఫోటో పక్కనుంచి ఒకటి, వెనుకనుంచి ఒకటి ఇక్కడ పెట్టండి. మరలతో ఎత్తు మార్చుకునే దిమ్మ ఎక్కడ కోసి ఎలా అమర్చాలో గీసి చూపిస్తాను.

ఎడమ కన్ను
ఫోటో పెట్టేటప్పుడు వరుస సంఖ్య కనపడకుండా చూసుకోండి.